గట్క వేరు, పోషో వేరు
మక్క గట్క తిని పెరిగిన వరంగల్, కరీంనగర్ పిల్లలు వలంటీర్లుగా ఉగాండా పోతే తిండికి తిప్పలుండవని ఒక వ్యాసంలో రాశారు. సగమే నిజం. అక్కడోళ్లు తినే పోషో కూడా మక్కదే గానీ, తెల్ల మక్కల మెత్తటి పిండితో గట్టి ముద్దలా చేస్తారు. మన గట్కకు రవ్వ కావాలి, కొంచెం జారుగా ఉంటది. పోషో పక్కన ఎక్కువగా రాజ్మా లాంటి గింజల కూరే. మన నాలుక వెతుక్కునేది పులుపూ కారమే కాబట్టి గింజ తీసిన చింతపండు, ఎండు కారం తప్పకుండా పెట్టుకోండి. అసలు చిక్కు పొయ్యితోనే. చాలా ఇళ్లలో వంట సిగిరి అనే బొగ్గుల కుంపటి మీదే. సెగ తగ్గాలంటే బొగ్గులు పక్కకు తీయాలి, కింది గాలి మూయాలి. కందిపప్పు గంట నానబెట్టకుండా ఎక్కిస్తే బొగ్గు దండగ, పెసరపప్పే నయం. చిన్న కుక్కర్ తీసుకుపోతే అదే సైజు గాస్కెట్లు రెండు, సేఫ్టీ వాల్వ్ ఒకటి అదనంగా ఉండాలి. సెగ పక్కలకు పాకి రబ్బరు తొందరగా గట్టిపడుతుంది, ఆవిరి ఆగదు. వానొచ్చిందని కుంపటిని గదిలో పెట్టి తలుపులు మూస్తే మాత్రం ప్రాణాలకే ముప్పు, బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకు (కార్బన్ మోనాక్సైడ్) వాసన కూడా ఉండదు. వ్యాసం అసలు ముట్టుకోనిది ఎల్లో ఫీవర్ టీకా. వేసుకున్న 10 రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు, టికెట్ తేదీ చూసుకొని ఆ టీకా వేసే హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎంకు (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ముందే పోవాలి. ఇంకోటి, మన గుండ్రటి పిన్నుల ప్లగ్గు అక్కడ పట్టదు, చదరపు మూడు పిన్నుల అడాప్టర్ కావాలి.