ఎడ్గార్‌కి నాలుగో స్థానమా?
అమెరికా బేస్‌బాల్ జట్టు సియాటిల్ మారినర్స్ మేటి ఆటగాళ్లలో గ్రిఫీ జూనియర్, ఇచిరో, రాండీ జాన్సన్‌ల తర్వాతే ఎడ్గార్ మార్టినెజ్ అన్నారు ఒకరు, ఫీల్డింగ్ చెయ్యని డీహెచ్ (పిచ్చర్ బదులు బ్యాటింగ్ మాత్రమే చేసే డిజిగ్నేటెడ్ హిట్టర్) కాబట్టి. నాకు మింగుడు పడలేదు. అలాగైతే సియాటిల్‌లో బ్యాటు పట్టే అవసరమే దాదాపు రాని పిచ్చర్ (బంతి విసిరేవాడు) జాన్సన్‌కి మార్కులు ఎందుకు తగ్గించలేదండీ? ఇచిరో 2004లో ఒకే సీజన్లో 262 హిట్లు (బంతిని బాది బేస్ చేరడం) కొట్టి 1920 నాటి రికార్డు చెరిపేశాడు, అక్కడ పేచీ లేదు. కానీ జాన్సన్ 1998లో, గ్రిఫీ 2000లో వేరే జట్లకు వెళ్లిపోయారు. ఎడ్గార్ మాత్రం 1987 నుంచి 2004 దాకా ఇక్కడే ఆడాడు. 1995 ప్లేఆఫ్స్‌లో (సీజన్ తర్వాతి నాకౌట్ పోటీలు) న్యూయార్క్ యాంకీస్‌తో ఐదో మ్యాచ్, పదకొండో ఇన్నింగ్స్, మారినర్స్ 5-4తో వెనకబడ్డారు. ఎడ్గార్ కొట్టిన డబుల్‌కి (రెండో బేస్ దాకా చేర్చే హిట్) సహచరుడు కోరా హోమ్‌కి వచ్చేశాడు, వెనకాలే గ్రిఫీ మొదటి బేస్ నుంచి ఒక్క పరుగున హోమ్ చేరాడు. ఆ వీడియోలో అందరూ గ్రిఫీనే చూస్తారు, బంతిని బాదిందెవరో గుర్తుండదు (నేను సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో ఉన్నప్పుడు మా ఆఫీసులోనూ ఇదే వరస). యాంకీస్ మేటి పిచ్చర్ మరియానో రివేరా అంతటివాణ్ణి ఎదుర్కొని ఎడ్గార్ రెగ్యులర్ సీజన్లలో 19 ఎట్-బ్యాట్లలో (వాక్‌ల లాంటివి పోను లెక్కకొచ్చే బ్యాటింగ్ అవకాశాలు) 11 హిట్లు కొట్టాడు. ఇదే డీహెచ్ సాకుతో హాల్ ఆఫ్ ఫేమ్ (బేస్‌బాల్ దిగ్గజాలకిచ్చే గౌరవం) ఓటర్లు కూడా అతన్ని పదో ఏడు, అంటే ఆఖరి అవకాశం దాకా, 2019 వరకూ ఆపారు.