వినతిపత్రం గారికి ఒక వినతిపత్రం

హైదరాబాద్.

గౌరవనీయులైన వినతిపత్రం గారికి,

విషయము: పల్లెలకు బస్సులు తెప్పించే బాధ్యత నుంచి తమరు స్వచ్ఛందంగా తప్పుకొనుట గురించి.

ఆర్యా,

పై విషయమునకు సంబంధించి తమతో మనవి చేసుకొనునది ఏమనగా... వద్దులెండి, ఇది తమరి ఇంటి భాష, నాకు నోరు తిరగదు. మామూలుగా మాట్లాడుకుందాం.

నేనుండేది ముషీరాబాద్‌లో, ఆర్టీసీ హెడ్డాఫీసు బస్ భవన్‌కి నడిచి వెళ్లేంత దూరం. అందుకని తమరి దర్శనం తరచుగా అవుతూనే ఉంటుంది. జిల్లాల నుంచి స్కార్పియోలు వస్తాయి, ఇన్నోవాలు వస్తాయి, వాటిలోంచి తెల్ల చొక్కాలు దిగుతాయి, ఆ చొక్కాల మధ్య ప్లాస్టిక్ ఫోల్డర్‌లో తమరు. మా ఊరికి బస్సు కావాలని అడగడానికి ఇంతమంది కార్లలో వస్తారేంటని మొదట్లో ఆశ్చర్యపోయేవాణ్ణి. బస్సు లేదు కదా పాపం, ఇంకెలా వస్తారు!

తమరి జన్మస్థలం ఏ కలెక్టరేట్ ముందు డీటీపీ సెంటర్‌లో అడిగినా చెప్తారు. కంప్యూటర్‌లో ఒక పాత ఫైలు ఉంటుంది, అందులో ఊరి పేరు మారుస్తారు, తేదీ మారుస్తారు, ఎమ్మెల్యే మారి ఉంటే ఎమ్మెల్యే పేరు మారుస్తారు, మిగతాది యథాతథం. ఒకసారి వాట్సాప్‌లో తమరి ఫోటో ఒకటి చూశాను, మొదటి పేరాలో పల్లెవెలుగు బస్సు పునరుద్ధరించాలని ఉంది, రెండో పేరాలో వెంటనే మురికి కాలువలో పూడిక తీయించగలరని ఉంది. అడిగినవాళ్లు గమనించలేదు, తీసుకున్నాయన గమనించలేదు. ఇద్దరూ కెమెరా వైపు చూస్తున్నారు.

ఆ ఫోటో శాస్త్రం గురించి రెండు ముక్కలు చెప్పకపోతే తమరిని అవమానించినట్టే. ఏ4 కాగితం మొత్తం ఒక జానెడు వెడల్పు ఉంటుంది, దాన్ని పదిహేను మంది పట్టుకోవాలి. ముందు వరసలో ఉన్నవాళ్లకి అంచు దొరుకుతుంది, రెండో వరస వాళ్లు ముందున్నవాళ్ల భుజం మీంచి రెండు వేళ్లు తగిలిస్తారు, అదీ కుదరని యువజన నాయకుడు ముందున్నాయన మోచేయి పట్టుకుంటాడు (విద్యుత్తు లాగా పుణ్యం కూడా ప్రవహిస్తుందని నమ్మకం కాబోలు). డిపో మేనేజర్ కుర్చీలోంచి సగం లేస్తాడు. పూర్తిగా లేస్తే భయపడ్డట్టు, లేవకపోతే పొగరు. క్లిక్. ఆయన తమరిని బల్ల మీద పెట్టే లోపే స్టేటస్‌లో పడిపోతుంది, "ప్రజా సమస్యలపై నిరంతర పోరాటం" అని. మర్నాడు జిల్లా పేజీలో చిన్న వార్త. పోరాటం నిరంతరం కాబట్టి మళ్లీ ఎవరూ ఆ డిపో వైపు వెళ్లరు.

ఇంతకీ బస్సు ఎలా పోతుందో తమరికి తెలుసా? తెలిసే అవకాశం లేదు, ఎందుకంటే తమరు పుట్టేదే బస్సు పోయిన నాలుగైదు నెలలకి. రద్దు చేశామని ఎవరూ ప్రకటించరు. ముందు నైట్ హాల్ట్ తీసేస్తారు. రాత్రి ఎనిమిదిన్నరకి ఊరొచ్చి, డ్రైవరూ కండక్టరూ పంచాయతీ ఆఫీసులోనో బడి వరండాలోనో పడుకుని, తెల్లారగానే కూరగాయల గంపల్నీ పాల క్యాన్లనీ కాలేజీ పిల్లల్నీ ఎక్కించుకుని టౌనుకి బయల్దేరే బస్సు అది. అది లేకపోతే పొద్దున మొదటి ట్రిప్పు డిపో నుంచి రావాలి, అంటే ఊరు చేరేసరికి తొమ్మిదవుతుంది, కాలేజీ బెల్లు అప్పటికే కొట్టేసి ఉంటుంది. తర్వాత ఆదివారం రాదు. తర్వాత డ్రైవర్ సెలవులో ఉన్నాడు కాబట్టి రాదు, మేడారం జాతరకి పంపాం కాబట్టి రాదు, వానకి కల్వర్టు దగ్గర రోడ్డు కోసుకుపోయింది కాబట్టి రాదు. రోడ్డు బాగయ్యాక కూడా రాదు, అప్పటికి అందరికీ అలవాటైపోయింది కాబట్టి.

రోడ్డు మీద గంట నిలబడినవాడు మర్నాడు ఆటో మాట్లాడుకుంటాడు, ఆరు నెలలు నిలబడినవాడు ఫైనాన్స్‌లో బండి కొంటాడు. అప్పుడు డిపోలో లెక్క తీస్తారు. ఈపీకే అంటే కిలోమీటరుకి వచ్చిన ఆదాయం, ఓఆర్ అంటే ఎన్ని సీట్లు నిండాయన్నది. రెండూ పడిపోయాయి! అన్నం పెట్టడం మానేసి, నెల తర్వాత తూకం వేసి, "నువ్వు బరువు తగ్గావు కాబట్టి నీకు అన్నం అనవసరం" అన్నట్టు, ఈ రూటులో జనం లేరు కాబట్టి బస్సు అనవసరం. ఇందులో డిపో మేనేజర్‌ని మాత్రమే తిట్టి లాభం లేదు, ఆయనకి ఇచ్చిన బస్సులే తక్కువ, ఉన్నవాటితో ఆదాయం చూపించమంటారు, హైవే మీద హైదరాబాద్‌కి పరిగెత్తే బస్సునీ గుంతల్లో పడిలేచే పల్లెవెలుగునీ పక్కపక్కన పెట్టి మార్కులేస్తే ఏది ఫెయిలవుతుందో ఎవరైనా చెప్తారు.

తమరు మాత్రం ఆయన టేబుల్ మీదికే వెళ్తారు. ఇదే నాకు అర్థం కానిది.

1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం ఎప్పుడైనా చదివారా? 18వ సెక్షన్‌లో సమర్థంగా, సరిపోయినంతగా, పొదుపుగా, పొందికగా రవాణా సదుపాయం కల్పించడం సంస్థ బాధ్యత అని రాశారు. చదివి కళ్లు తుడుచుకునే లోపే 22వ సెక్షన్ వస్తుంది, సంస్థ వ్యాపార సూత్రాల మీద నడవాలి అని. పల్లెవెలుగు బస్సు ఈ రెండు సెక్షన్ల మధ్య ఇరుక్కుని డెబ్భై ఐదేళ్లయింది. అదే చట్టంలో 34వ సెక్షన్ కింద సంస్థకి ఆదేశాలిచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. అంటే "ఈ ఊళ్లకి నష్టమొచ్చినా నడపండి, ఆ నష్టం మేం ఇస్తాం" అని చెప్పగలిగింది ప్రభుత్వం, ఆ డబ్బు బడ్జెట్లో పెట్టమని అడగాల్సింది, చేయెత్తి పాస్ చేయాల్సింది ఎమ్మెల్యేలు. ఆ ఎమ్మెల్యే గారే తమరిని చేత్తో పట్టుకుని డిపోకి వచ్చి, దయచేసి బస్సు వేయండి సార్ అని మేనేజర్‌కి దండం పెడుతుంటే, ఆయన పరిశీలిస్తాం సార్ అని తిరిగి దండం పెడుతుంటే, తమరికి మధ్యలో నవ్వు రాదా? అధికార పార్టీ ఎమ్మెల్యే అయితే ఇంకా ముచ్చట, తన ప్రభుత్వానికి తనే అర్జీ పెట్టుకుని, తనే పేపర్లో వేయించుకుంటాడు.

పార్టీల మధ్య తేడా చూపించమంటే నా వల్ల కాదు. 2019లో అక్టోబరు 5 నుంచి నవంబరు 25 దాకా 52 రోజులు దాదాపు 48 వేల మంది ఆర్టీసీ కార్మికులు సమ్మె చేస్తే, అప్పటి సర్కారు మధ్యలో 5,100 రూట్లు ప్రైవేటుకి ఇవ్వాలని కేబినెట్లో నిర్ణయించింది, సమ్మె ముగిశాక కిలోమీటరుకి 20 పైసలు చార్జీ పెంచింది. ఆ పార్టీ పెద్దలే ప్రతిపక్షంలోకి వచ్చాక, 2025 అక్టోబరు 9న, సిటీ బస్సుల్లో 5, 10 రూపాయలు పెంచారని చలో బస్ భవన్ పిలుపిచ్చి సిటీ బస్సుల్లో ఎక్కి మా వీధుల్లోకి వచ్చారు, చివరికి ఎండీ గారి చేతిలో పెట్టింది తమరినే. ఇక ఉద్యోగుల్ని ప్రభుత్వంలో కలుపుతూ 2023 ఆగస్టులో అసెంబ్లీ పాస్ చేసిన బిల్లుకి సెప్టెంబరులో గవర్నర్ ఆమోదం కూడా వచ్చింది. తర్వాత ప్రభుత్వం మారింది, 2025 మేలో కార్మిక సంఘాలు సమ్మెకి సిద్ధమైనప్పుడు కూడా ఆ విలీనం సంగతే అడుగుతున్నాయి. చట్టానికే దిక్కు లేదు, తమరొక ఏ4 కాగితం.

ఉచిత ప్రయాణం గురించి కూడా చెప్పాలి, లేకపోతే నన్ను ఏదో ఒక పార్టీలో కలిపేస్తారు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి మొదలైనప్పుడు నాకు నిజంగా సంతోషమేసింది, ఇప్పటికీ మంచి పథకమే అంటాను, కూలి పనికి పోయే ఆడమనిషికి రోజుకి అరవయ్యో ఎనభయ్యో మిగలడం చిన్న విషయం కాదు. కానీ బస్సు రాని ఊరి ఆడవాళ్లు ఆటోకి డబ్బులిచ్చి మండల కేంద్రం చేరి, అక్కడ ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటున్నారు. ఉచితం రోడ్డెక్కాక మొదలవుతుంది, ఖర్చంతా రోడ్డు చేరేలోపే అయిపోతోంది. దీని మీద ప్రతిపక్షం ధర్నా చేస్తుంది, అధికార పక్షం లెక్కలు చెప్తుంది, ఆటోవాళ్లు మా పొట్ట కొట్టారని వాళ్ల ధర్నా వాళ్లు చేస్తారు, అదీ అబద్ధం కాదు.

తమరు గెలిచిన సందర్భాలు లేవని అనను. ఒక్కోసారి బస్సు వచ్చేస్తుంది! ఆ రోజు చూడాలి. బంపర్‌కి అరటి బోదెలు, అద్దానికి బంతిపూల దండ, ఎమ్మెల్యే గారు టైరు ముందు కొబ్బరికాయ కొట్టి, పచ్చజెండా ఊపి, ఎక్కి, టికెట్ కొని, ఆ టికెట్ కెమెరాకి చూపించి, తర్వాతి స్టేజీలో దిగి, వెనకాలే వచ్చిన సొంత కారెక్కి వెళ్లిపోతారు. ఊరి మొదట్లో ఫ్లెక్సీ, "మా ఊరికి బస్సు తెచ్చిన" ఆయన నిలువెత్తు ఫోటో, బస్సు బొమ్మ కింద మూలకి చిన్నగా. దానికి పాలాభిషేకం. ఆర్టీసీ బస్సు నంబరులో ఉండే జెడ్ అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం గుర్తుగా వచ్చిందని మా నగరంలో చెప్పుకుంటారు. నిజాం కాలంలో 1932లో 27 బస్సులతో మొదలైన ఈ వ్యవహారంలో పేరుకి చోటు దొరకాలంటే రాజమాత అయి ఉండాలి, ఇప్పుడు ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు దగ్గర్లో ఉంటే చాలు. బస్సు పోయాక కూడా ఫ్లెక్సీ ఉంటుంది, దాన్ని ఎవరో వడ్ల మీద కప్పుకునే దాకా.

అలా వచ్చిన బస్సు పదకొండింటికి వస్తుంది. ఎందుకంటే డిపోకి ఖాళీ దొరికేది అప్పుడే, తమరిలో టైమ్ రాయలేదు కూడా. "పొద్దుగాల ఏడున్నరకు పోవాలె సారూ, పదకొండింటికి వస్తే ఏం జేస్కోవాలె?" అని ఇంటర్ చదివే పిల్ల అడుగుతుంది, కానీ ఆ పిల్ల తమరిలో సంతకం చేయలేదు, ఓటు వయసు రాలేదు. పదకొండింటి బస్సు ఖాళీగా తిరుగుతుంది, ఈపీకే మళ్లీ పడుతుంది, తర్వాత కథ పైన చెప్పిందే.

పిల్లలంటే గుర్తొచ్చింది. 2021లో రంగారెడ్డి జిల్లాలో ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి, కరోనాలో ఆగిపోయిన బస్సు మళ్లీ రావడం లేదు, బడికి ఎలా వెళ్లాలి అని అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారికి ఉత్తరం రాసింది. ఆయన ఆర్టీసీకి చెప్పారు, బస్సు వచ్చింది. చాలా మంచి కబురు, నేను కూడా షేర్ చేశాను. తర్వాత ఆలోచిస్తే ఒళ్లు మండింది. సర్పంచ్ ఉండగా, ఎంపీటీసీ ఉండగా, ఎమ్మెల్యే, మంత్రి, బస్ భవన్ అన్నీ ఉండగా, ఒక పల్లెవెలుగు రావడానికి ఢిల్లీలో ప్రధాన న్యాయమూర్తి దాకా వెళ్లాలా? ప్రతి ఊరికీ ఒక ఎనిమిదో తరగతి పిల్లా ఒక ప్రధాన న్యాయమూర్తీ దొరకరు కదండీ. ఆ ఉత్తరంలో లెటర్‌హెడ్ లేదు, ఫోటో దిగలేదు, బడి టైముకి బస్సు కావాలని మాత్రం ఉంది. తమరి కుటుంబంలో పనికొచ్చింది ఆ ఒక్కటే అనుకుంటాను.

2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం అయిపోయి 2025 డిసెంబరులో ఎన్నికలయ్యే దాకా ఊళ్లలో ప్రత్యేకాధికారులే ఉన్నారు కాబట్టి తమరికి కాస్త విశ్రాంతి దొరికింది. ఇప్పుడు కొత్త సర్పంచులు కొత్త లెటర్‌హెడ్లు కొట్టించుకున్నారు, తమరికి చేతినిండా పని. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

అన్ని పార్టీల వాళ్లకీ ఒక్క విషయం బాగా తెలుసు, వేల బస్సులు ఒకే రోజు ఒకే చోటికి ఎలా తెప్పించాలో. బహిరంగ సభ ఉన్న రోజు మారుమూల తండాకి కూడా ఆర్టీసీ బస్సు వెళ్తుంది, టైముకి వెళ్తుంది, కల్వర్టు దాటుతుంది, టర్నింగ్ పాయింట్ దొరుకుతుంది, రాత్రి ఎంతయినా ఇంటి దగ్గర దింపుతుంది. ఆ రోజు వినతిపత్రం ఇవ్వరు, అడ్వాన్సు కడతారు. ఆ రోజు మామూలు సర్వీసులు ఎందుకు రాలేదని బస్టాండులో ఎవరైనా అడిగితే సభకి పోయినయ్ అంటారు, ఏదో పెళ్లికి పోయినట్టు.

అందుచేత తమరు తప్పుకోండి. తమరి స్థానంలో దూరపు చుట్టమైన సమాచార హక్కు దరఖాస్తుని పంపండి. మనిషి ఫోటోకి బాగోడు, లెటర్‌హెడ్ అక్కర్లేదు, కానీ 30 రోజుల్లో జవాబు ఇవ్వాల్సిందేనని 2005 చట్టంలో ఉంది. ఈ రూటులో ఏడాదిలో వేయాల్సిన ట్రిప్పులెన్ని, వేసినవెన్ని, ఏ టైముకి, కిలోమీటరుకి ఖర్చెంత, వచ్చిందెంత అని ఆయన అడుగుతాడు. తేడా ఎంతో తేలాక, ఆ అంకె పట్టుకుని గ్రామసభలో తీర్మానం చేసి, దాన్ని డిపోకి కాకుండా ఎమ్మెల్యే ఇంటికి తీసుకెళ్లి, ఈ డబ్బు బడ్జెట్లో ఎప్పుడు పెట్టిస్తావు సారూ అని అడగొచ్చు. ఓట్లప్పుడు అడిగితే ఇంకా మర్యాదగా జవాబు చెప్తారు. బస్సు వచ్చిందా రాలేదా అని రోజూ పంచాయతీ గోడ మీద సుద్దముక్కతో రాసే ఇద్దరు పిల్లలు దొరికితే, మీరూ మీ ఫోల్డరూ ఇంట్లో కూర్చోవచ్చు.

కావున తమరు నా విన్నపమును దయతో పరిశీలించి, తగు చర్య తీసుకోకుండా ఉండగలరని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
ముషీరాబాద్‌లో ఒక బస్సు ప్రయాణికుడు.

నకలు:
డిపో మేనేజర్ గారికి, సగం లేచి నిలబడనవసరం లేదని తెలియజేయుటకై.
ఎమ్మెల్యే గారికి, బడ్జెట్ సమావేశాల్లో వాడుకొనుటకై.
ఫోటోగ్రాఫర్ గారికి, ఈసారి రానవసరం లేదు.