"తింటే తిన్నాడు, పని చేశాడు కదా" అనే మాట ఇకనైనా మానండి

ఎన్నికలు దగ్గర పడ్డాయంటే చాలు, పార్టీ నాయకుల గురించి రెండే రెండు మాటలు వినపడతాయి. "తింటే తిన్నాడు, పని చేశాడు కదా" అనేది ఒకటి. "మనిషి మంచోడే పాపం, కానీ చేతకాదు" అనేది ఇంకొకటి. చదువుకున్నవాళ్లూ ఇదే అంటారు, చదువుకోనివాళ్లూ ఇదే అంటారు. టీవీ చర్చల్లో కూర్చునేవాళ్లు దీన్నే కాస్త పెద్ద పదాల్లో చుట్టి చెప్తారు. నాకు మాత్రం ఈ రెండు మాటలు వింటే ఒళ్లు మండుతుంది. గుణం వేరు, సమర్థత వేరు, రెండూ ఒక్క మనిషిలో దొరకవు, ఏదో ఒకదాంతో సర్దుకుపోవాలి అని మనకి మనమే తీర్మానం చేసేసుకున్నాం. అలా సర్దుకుపోయాక ఇక ఆ మనిషిని పరీక్షించే పని మనకి ఉండదు. హాయిగా ఉంటుంది. ఆ హాయి కోసమే ఈ మాటలు.

సమర్థుడే, కాకపోతే గుణం కాస్త అటూ ఇటూ అని జనం నెత్తిన పెట్టుకున్న నాయకుల్లో ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్‌ని మించిన ఉదాహరణ నాకు కనపడలేదు. నిక్సన్ అసమర్థుడని ఆయన శత్రువులు కూడా అనరు. 1972 ఫిబ్రవరిలో చైనా వెళ్లి, ఇరవై ఏళ్లకు పైగా మూసుకుపోయిన తలుపు తెరిచాడు. అదే ఏడాది మే నెలలో మాస్కోలో అణ్వాయుధాల పరిమితి ఒప్పందం మీద సంతకం చేశాడు. విదేశాంగ వ్యవహారాల్లో అంత పట్టున్న అధ్యక్షులు అమెరికాలో అరుదు. ఆ జూన్ 17న వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో ప్రతిపక్ష పార్టీ ఆఫీసులో దొంగతనంగా దూరినవాళ్లు దొరికిపోయారు. వాళ్లు నిక్సన్ ఎన్నికల బృందం పంపినవాళ్లే. సరిగ్గా ఆరు రోజుల తర్వాత, జూన్ 23న, ఆ కేసు దర్యాప్తు ముందుకెళ్లకుండా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐని గూఢచారి సంస్థ సీఐఏ చేత ఆపించాలన్న పథకానికి నిక్సన్ తన ఆఫీసులోనే కూర్చుని సరే అన్నాడు. ఆయన పెట్టించుకున్న టేపుల్లోనే అది రికార్డయింది. నవంబర్‌లో ఎన్నికలు. యాభై రాష్ట్రాల్లో 49 గెలిచాడు. అసలు ఆ దొంగపని అవసరమే లేదు! అంతగా గెలిచే మనిషి, ఓడిపోతానేమో అన్న భయంతోనూ పగతోనూ చుట్టూ అలాంటి పనులు చేసేవాళ్లని పెట్టుకున్నాడు.

తర్వాత ఏమైందో చూడండి. 1973 అక్టోబర్‌లో, తన మీద దర్యాప్తు చేస్తున్న ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ని తీసెయ్యమని అటార్నీ జనరల్‌ని ఆదేశించాడు. ఆయన తీసెయ్యనని రాజీనామా చేశాడు. ఆయన కింద ఉన్న డిప్యూటీ కూడా అదే దారి. మూడో మనిషి చేత ఆ పని చేయించారు. 1974 జూలైలో సుప్రీంకోర్టు టేపులు ఇచ్చెయ్యమని ఏకగ్రీవంగా చెప్పింది, ఆగస్టు 9కల్లా నిక్సన్ పదవి పోయింది. ఆ రెండేళ్లూ ఆ దేశంలో ఒక సమర్థుడైన అధ్యక్షుడి తెలివంతా దేనికి ఖర్చయింది? తనని తాను కాపాడుకోవడానికి. "పని చేశాడు కదా" అనేవాళ్లని నేను అడిగేది ఇదే. ఆ సమర్థత ఎవరి పనికి వాడతాడో నిర్ణయించేది గుణమే కదా? గుణం లేనివాడి చేతిలో సమర్థత ఎంత ఎక్కువుంటే మనకి అంత ప్రమాదం.

ఇక రెండో మాట, "మంచోడే కానీ చేతకాదు." లాల్ బహదూర్ శాస్త్రి గారి గురించి ఆ రోజుల్లో సరిగ్గా ఇదే అనుకున్నారు. పొట్టి మనిషి, మెత్తటి మాట. 1956 సెప్టెంబర్‌లో మన మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు ప్రమాదంలో వంద మందికి పైగా చనిపోతే, రైల్వే మంత్రిగా ఉన్న ఆయన రాజీనామా ఇచ్చారు. నెహ్రూ వద్దని ఆపారు. మూడు నెలలు తిరక్కుండానే తమిళనాడు వైపు అరియలూరు దగ్గర ఇంకో ఘోరం. మళ్లీ రాజీనామా ఇచ్చారు, ఈసారి వెనక్కి తగ్గలేదు. తప్పు శాస్త్రిది కాదని, రాజ్యాంగ మర్యాదకి ఒక ఉదాహరణగా ఉంటుందని ఆమోదిస్తున్నానని నెహ్రూ పార్లమెంటులోనే చెప్పారు. రాజీనామా చేసినంత మాత్రాన ప్రతివాడూ గొప్పవాడైపోడు, చేతులు దులుపుకోవడానికి రాజీనామా చేసేవాళ్లు కూడా ఉంటారు. కానీ శాస్త్రి విషయంలో ఆ గుణమే తర్వాత పనిలో కనపడింది.

1964లో ప్రధాని అయ్యాక ఈ మెత్తటి మనిషి ఏం చేస్తాడులే అనుకున్నారు. 1965 సెప్టెంబర్‌లో యుద్ధం ముదిరినప్పుడు సైన్యాధికారులు చెప్పింది విని, పంజాబ్‌లో అంతర్జాతీయ సరిహద్దు దాటి లాహోర్ వైపు వెళ్లడానికి అనుమతిచ్చింది ఆయనే. తిండిగింజలకి కటకటగా ఉన్న కాలంలో వ్యవసాయ మంత్రి సుబ్రమణ్యం గారు మెక్సికో గోధుమ విత్తనాలు తెప్పిస్తానంటే అటు ప్రతిపక్షం, ఇటు సొంతవాళ్లూ అడ్డం తిరిగారు. శాస్త్రి గారు మంత్రికి అండగా నిలబడ్డారు. తెలిసినవాడి మాట వినడం, విన్నాక నిర్ణయం తీసుకోవడం, అది బెడిసికొడితే బాధ్యత నాది అనడం. వీటిలో ఏది గుణం, ఏది సమర్థత? నేనైతే విడదీయలేను.

మరి మనం నాయకుల్ని ఎలా తూకం వేస్తున్నాం? ముఖం చూసి. ఇది నేను కోపంలో అంటున్న మాట కాదు. 2005లో అలెగ్జాండర్ తోడోరోవ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం అమెరికా సెనేట్ అభ్యర్థుల ఫోటోలు జంటలుగా చూపించి, ఇద్దరిలో ఎవరు సమర్థుడిలా కనిపిస్తున్నారని అడిగింది. వాళ్లెవరో తెలియనివాళ్లు ముఖం చూసి చెప్పిన జవాబు, సుమారు 70 శాతం పోటీల్లో అసలు విజేతతో సరిపోయింది. ఇంకో నాలుగేళ్లకి స్విట్జర్లాండ్‌లో ఇద్దరు పరిశోధకులు చిన్నపిల్లల చేత కంప్యూటర్‌లో పడవ ఆట ఆడించి, మీ పడవకి కెప్టెన్‌గా వీళ్లిద్దరిలో ఎవరు కావాలని ఫోటోలు పెట్టారు. ఆ ఫోటోలు ఫ్రాన్స్ పార్లమెంటు ఎన్నికల్లో పోటీచేసినవాళ్లవి. ఐదేళ్ల పిల్లల నుంచి పదమూడేళ్ల పిల్లల దాకా ఆడారు. వాళ్లు ఎంచుకున్న కెప్టెన్లు కూడా దాదాపు అదే లెక్కన నిజం ఎన్నికల్లో గెలిచినవాళ్లే! సభలో మైకు పట్టుకుని గర్జిస్తే "మగాడ్రా" అని ఈలలేసే మనం ఆ పిల్లల కంటే ఎంత మెరుగ్గా చూస్తున్నట్టు?

గర్జనకీ సమర్థతకీ సంబంధం లేదు. 2022 వేసవిలో బ్రిటన్‌లో అధికారంలో ఉన్న కన్జర్వేటివ్ పార్టీ సభ్యులు తమ నాయకురాలిగా, అంటే దేశ ప్రధానిగా, లిజ్ ట్రస్‌ని ఎన్నుకున్నారు. ప్రచారంలో పన్నుల విషయంలో ఆమె మాట తడబడలేదు. పన్నులు తగ్గిస్తా, అంతా నేను చూసుకుంటా. అప్పు చేసి పన్నులు తగ్గిస్తే వడ్డీ రేట్లు పెరుగుతాయి, ఇళ్ల మీద అప్పులున్నవాళ్లు మునుగుతారు అని ఎదురుగా పోటీచేసిన రిషి సునాక్ వారాల తరబడి మొత్తుకున్నాడు. సభ్యులకి అది పిరికిమాటలా వినపడింది. ఆమె వచ్చీ రాగానే ఆర్థిక శాఖలోని అత్యున్నత అధికారిని ఇంటికి పంపించారు. సెప్టెంబర్ 23న, స్వతంత్ర బడ్జెట్ సంస్థ లెక్కలు బయటికి రాకుండానే, అప్పు చేసి పన్నులు తగ్గించే మినీ బడ్జెట్ పెట్టారు. మూడు రోజులకి డాలర్‌తో పౌండ్ విలువ చరిత్రలోనే అడుగుకి పడింది. పెన్షన్ ఫండ్లు కుప్పకూలకుండా అక్కడి కేంద్ర బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, రంగంలోకి దిగాల్సొచ్చింది. అక్టోబర్ 20న రాజీనామా ప్రకటన. ఇందులో లంచం లేదు, కుంభకోణం లేదు. కాదు అని చెప్పేవాళ్లని గదిలోంచి పంపేసే స్వభావం ఉంది, అంతే. ఆ స్వభావం ఎన్నికకి ముందే కనపడింది. చూసినవాళ్లు దాన్ని ధైర్యం అనుకున్నారు.

అందుకే నాయకుణ్ణి చూసేటప్పుడు నేను ముందు చూసేది ఆయన చుట్టూ ఉన్నవాళ్లని. పదేళ్ల కింద ఆయన పక్కన నిలబడ్డ తెలివైనవాళ్లలో ఇప్పుడు ఎవరు మిగిలారు? వెళ్లిపోయినవాళ్లు ఎందుకు వెళ్లారు? ఎదురు మాట చెప్పి కూడా పదవిలో కొనసాగుతున్న మనిషి ఆ పార్టీలో ఒక్కడైనా ఉన్నాడా? ఓడిపోయిన రోజు ఆయన ఏం మాట్లాడాడు? జనం తీర్పు అన్నాడా, జనం మోసపోయారు అన్నాడా? గెలిచిన రోజు మాటల కంటే ఓడిన రోజు మాటలు నూరు రెట్లు నమ్మదగ్గవి.

ఇక కాగితాలు. మన దేశంలో 2002, 2003 సుప్రీంకోర్టు తీర్పుల పుణ్యమా అని నామినేషన్ వేసే ప్రతి అభ్యర్థీ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అన్నీ అఫిడవిట్‌లో రాసివ్వాలి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఒక్క అఫిడవిట్ చూస్తే ఏమీ అర్థం కాదు, అంకెలు అంకెల్లా ఉంటాయి. అదే మనిషి గతసారి వేసినదీ ఈసారి వేసినదీ పక్కపక్కన పెట్టండి. ఐదేళ్ల ఆదాయం చూపించిన గడి చూసి, ఆస్తి ఎంత పెరిగిందో ఆ గడి చూడండి. ఆ ఆదాయంతో ఆ ఆస్తి పొసుగుతుందా? 2020లో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కి, కేసులున్న మనిషికి టికెట్ ఎందుకిచ్చారో పార్టీయే ప్రజలకి చెప్పాలని, గెలుస్తాడు కాబట్టి అన్నది ఒక్కటే కారణం కాకూడదని ఆదేశించింది. పార్టీలు ఆ కారణాలు ప్రచురిస్తున్నాయి కూడా. అవి చదవండి. నాయకుడి గుణం ఆయన ఇంటర్వ్యూల్లో కంటే ఆ నాలుగు వరుసల్లోనే ఎక్కువ కనపడుతుంది, ఎందుకంటే టికెట్ ఇచ్చింది ఆయనే.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. గుణం అంటే పడకగది కాదు. నాయకుడు విడాకులు తీసుకున్నాడా, గుడికెళ్తాడా, భార్యాపిల్లలతో ఎలా ఉంటాడు అనే చర్చ ఎన్నికల ముందు ఎవరు లేపినా నేను అక్కడి నుంచి లేచిపోతాను. చట్టం మీరి ఎవరికైనా హాని చేస్తే అది వేరే సంగతి.

కృతజ్ఞత కూడా ఓటుకి కారణం కాదు. 1945లో యుద్ధం గెలిపించిన చర్చిల్‌ని బ్రిటన్ జనం నెత్తిన పెట్టుకున్నారు, ఓటు మాత్రం పెద్దగా మాట్లాడని లేబర్ పార్టీ నాయకుడు అట్లీకి వేశారు. యుద్ధానికి కావలసిన మనిషి వేరు, ఇళ్లు కట్టి వైద్యం అందించాల్సిన మనిషి వేరు అనుకున్నారు. మూడేళ్లకి, 1948 జూలైలో, అందరికీ ఉచిత వైద్యం మొదలైంది. చర్చిల్ మీద వాళ్ల గౌరవం ఇసుమంత తగ్గలేదు, 1951లో ఆయన మళ్లీ ప్రధాని అయ్యాడు.

"ఇద్దరూ ఒకేలాంటోళ్లు బ్రదర్, ఏం చెయ్యమంటావ్?" అని అడుగుతారు. నిజంగానే ఇద్దరూ పనికిరానివాళ్లైతే, రేపు తప్పు చేస్తే దింపడానికి వీలయ్యేవాడికి నా ఓటు. కోర్టు తీర్పు తనకి వ్యతిరేకంగా వచ్చినా పాటించినవాడు, ఆడిట్ రిపోర్టు తొక్కిపెట్టనివాడు, ప్రశ్న అడిగిన విలేకరి మీద కేసు పెట్టించనివాడు. ఈ మూడింటిలో ఇద్దరు నాయకులూ సమానంగా ఉండడం నేను ఇంతవరకూ చూడలేదు.