మూడో బిడ్డ కన్నా ముందు ఈ తల్లుల సంగతి చూడండి

ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994లో ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసింది. ముప్పయ్యేళ్ల తర్వాత, 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధన ఎత్తేసింది. మంచిపనే. కానీ ఇప్పుడు ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడే కోరుతున్నారు. దీనితో మేం ఏకీభవించలేం.

ఆయన ఆందోళనకు కారణం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో ఒక్కో మహిళకు సగటున పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. జపాన్‌కు ముందు డబ్బు వచ్చింది, తర్వాత వయసు మీదపడింది. మనకు డబ్బు కన్నా ముందే వయసు మీదపడుతోంది.

అయితే ఈ 1.7 ఎలా వచ్చిందో కూడా చూడాలి. అదే సర్వేలో 20-24 ఏళ్ల ఆంధ్ర యువతుల్లో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. చిన్న వయసులో పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, పాతికేళ్లలోపే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. మన ఊళ్లలో ఇది ఇంటింటి కథ. పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందికి దాదాపు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్లలో వందకు ఒక్కరు కూడా లేరు. గర్భసంచి తీయించుకున్నవారూ దేశం సగటు కన్నా ఇక్కడ చాలా ఎక్కువ. జనాభా తగ్గించే భారమంతా ఆ తల్లుల ఒంటిమీదే వేశాం. ఇప్పుడు పెంచే భారం వాళ్ల కూతుళ్ల మీద వేస్తామంటే ఎలా?

డబ్బిచ్చి కనమన్నా పెద్దగా ఫలితం ఉండదు. దక్షిణ కొరియా ఏళ్లతరబడి కోట్లు కుమ్మరించింది, అయినా 2023లో అక్కడ ఒక్కో మహిళకు పిల్లల సగటు 0.72కు పడిపోయింది.

ఆ డబ్బు ఖర్చుపెట్టాల్సిన చోట్లు కళ్లముందే ఉన్నాయి. అరవై దాటిన పేదలకు కేంద్రం ఇచ్చే పింఛను ఇప్పటికీ నెలకు 200 రూపాయలే, ఎనభై దాటితే 500. ఆంధ్రప్రదేశ్‌లో 4,000 అందుతోందంటే మిగతాదంతా రాష్ట్ర ఖజానా మోస్తున్నదే. కేంద్రం తన వాటా పెంచాలి. చంటిబిడ్డను చేనుగట్టున ఉయ్యాల్లో పడుకోబెట్టి పత్తి తీసే తల్లికి, ఆమె పని ముగిసేదాకా బిడ్డను చూసుకునే చోటు ఊళ్లోనే ఉండాలి. ఆడపిల్ల చదువు పదో తరగతితో ఆగకుండా చూడాలి. ఆపరేషన్ అయిన తల్లులకు ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్షలు చేయించాలి. ఇవి వచ్చే బడ్జెట్‌లోనే మొదలుపెట్టాలని రెండు తెలుగు ప్రభుత్వాలనూ కోరుతున్నాం.