కలకి అర్థం అడక్కండి

మళ్లీ అదే కల. ఇంట్లోకి నీళ్లొచ్చేశాయి. వంటింట్లోంచి స్టీలు బిందె తేలుకుంటూ వస్తోంది. అమ్మమ్మ గడపలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నీళ్లు నడుం దాకా వచ్చినా తలెత్తదు. "అమ్మమ్మా, లే" అని అరుద్దామంటే గొంతు పెగల్లేదు. మెలకువ వచ్చేసరికి నాలుగున్నర.

మాది బెజవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మా ఇంట్లోకొచ్చింది, కాబట్టి ఆ నీళ్లు ఎక్కడివో నాకు తెలుసు. కానీ అమ్మమ్మ ఆ వరద చూడలేదు. అప్పటికే పోయి పదకొండేళ్లు.

ఇక ఆ రోజంతా మనసు మనసులో లేదు. పాలు ఒలికించాడని బాబుని కసిరాను. ఆఫీసులో మామూలుగా అడిగిన మాటకే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "కలే కదా" అంటారు. కలే, కానీ గుండె దడ నిజం.

నాకు కోపం తెప్పించేది ఇంకోటుంది. ఎవరికి చెప్పినా అర్థం చెప్పేస్తారు. నీళ్లు కనిపిస్తే డబ్బొస్తుందట, తెల్లవారుజాము కల నిజమవుతుందట. ఆ వేళ కలలు అంత స్పష్టంగా ఉండటానికి కారణం వేరే. నిద్రలో సుమారు 90 నిమిషాలకోసారి రెప్పల కింద కళ్లు వేగంగా కదిలే దశ వస్తుంది. తెల్లారేకొద్దీ ఆ దశ నిడివి పెరుగుతుంది. గాఢమైన కలలు ఎక్కువగా అందులోనే.

కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకి వెళ్తూ మన బెజవాడలో కొన్నాళ్లు ఆగాడు. ఇక్కణ్ణించి కృష్ణ ఒడ్డునున్న శ్రీకాకుళం వెళ్లి ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి నాలుగో జామున అక్కడి దేవుడు ఆంధ్రవిష్ణువు కల్లో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని ఆముక్తమాల్యద మొదట్లోనే ఉంది. నాలుగో జామంటే తెల్లవారుజామే! పండితులు ఆ కలకి ఫలాలూ చెప్పారు. అవి ఇప్పుడెవరికి గుర్తున్నాయి? కావ్యం మాత్రం మన చేతిలో ఉంది.

రాసేవాళ్లకి నేను చెప్పేది ఇదే. దిండు పక్కన నోట్‌బుక్ పెట్టుకోండి. ఫోన్ ముట్టుకోకముందే, పక్క మీద నుంచి లేవకుండా నాలుగు ముక్కలు రాసేయండి. పళ్లు తోముకునేలోపు సగం చెరిగిపోతుంది. అయితే కలని కలలాగే కథగా రాయకండి. నేను ఏళ్ల తరబడి అలాగే రాసి చెడగొట్టాను. ఎదుటివాడి కల ఎవరికీ పట్టదు, అందులోని దిగులు మాత్రం తాకుతుంది.

ఆ మధ్యాహ్నం లంచ్‌లో రెండు పేజీలు రాశాను. అందులో వరద లేదు. చేటలో బియ్యం ఉన్నాయి, ఒక పిల్ల పిలుస్తోంది, ఆవిడ తలెత్తదు. సాయంత్రం ఇంటికెళ్లి బాబుని ఒళ్లో కూర్చోబెట్టుకుని, పొద్దున కసిరినందుకు సారీ చెప్పాను.