మూటలు మోసిన రెక్కలు

యుద్ధ విమానం అనగానే అందరికీ ఫైటరే గుర్తుకొస్తుంది. సరిహద్దు కొండ మీది జవానుకు గోధుమపిండి, కిరోసిన్, తూటాలు మోసుకెళ్లిన విమానం గానీ, దాన్ని నడిపిన పైలట్ గానీ ఎవరి లెక్కలోకీ రారు. 1971 యుద్ధంలో 44వ స్క్వాడ్రన్ ఏఎన్-12 రవాణా విమానాలు బాంబులు దొర్లించాయి. ఆ దాడులు నడిపిన వింగ్ కమాండర్ వశిష్ఠకు మహావీర్ చక్ర వచ్చింది. న్యాయమే. పిండి మూటలు దించితే మాత్రం అది కథ కాదు!

ఈ చిన్నచూపుకు జవాబు వైమానిక దళ పైలట్ మెహర్ సింగ్ జీవితంలోనే ఉంది. దళంలో అందరికీ ఆయన ‘బాబా’. ఇంగ్లండ్‌లోని క్రాన్‌వెల్ వైమానిక కళాశాలలో శిక్షణ పొంది 1936లో వైమానిక దళంలో చేరారు. బర్మా యుద్ధంలో ఫైటర్ పైలట్‌గా డీఎస్ఓ అనే బ్రిటిష్ శౌర్య పతకం సాధించారు. అసలు పరీక్ష మాత్రం డకోటా అనే రవాణా విమానంతో ఎదురైంది. 1947 అక్టోబరు 27న డకోటాలు సిక్కు జవాన్లను శ్రీనగర్‌లో దించడంతో కశ్మీర్ యుద్ధంలో మన సేన అడుగుపెట్టింది. పూంచ్ పట్టణం ముట్టడిలో చిక్కినప్పుడు సైనికులు, కాందిశీకులు కలిసి చదును చేసిన చిన్న నేల మీద మెహర్ సింగ్ విమానం దించారు. ఆపై డకోటాలు పోయేటప్పుడు మందుగుండు, వచ్చేటప్పుడు పిల్లాపాపలతో కాందిశీకులు. 1948 మే 24న జనరల్ తిమ్మయ్యను ఎక్కించుకుని లేహ్‌లో దిగారు. పది వేల అడుగులు దాటిన ఎత్తులో ఇసుక నేల అది. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు డకోటాకు లేనే లేదు. 1952లో విమాన ప్రమాదమే ఆయన్ను బలిగొంది.

దిగే చోటే లేని సైనిక ఠాణాలకు సరుకు జారవిడవాల్సిందే. పిండి, పప్పులకైతే చాలాసార్లు పారాచూట్ కూడా కట్టరు. గోనెసంచిలో సంచి పెట్టి వదులుగా నింపుతారు. నేలకు తగిలి లోపలిది చిట్లినా గింజలు పైసంచిలో నిలుస్తాయి. పైలట్ లోయలోకి దిగి, వేగం తగ్గించి, విమానం చెదరకుండా పట్టుకోవాలి. సంకేతం అందగానే తలుపు దగ్గరి ఆర్మీ సర్వీస్ కోర్ జవాన్లు మూటలను బయటికి తోస్తారు. ఒక్క చుట్టుకు అన్నీ పడవు. మళ్లీ అదే లోయ, కొండ ఎదురయ్యేలోపు మళ్లీ అదే మలుపు. 1968 ఫిబ్రవరి 7న లేహ్ దారిలో వాతావరణం చెడి వెనుదిరిగిన ఏఎన్-12 హిమాచల్‌లోని రోహ్‌తాంగ్ కనుమ సమీపంలో 102 మందితో మాయమైంది. 2024లో కూడా అక్కడి మంచులోంచి మృతదేహాలు బయటపడ్డాయి.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో మాజీ సైనిక కుటుంబాలకు కొదవ లేదు. 1971లో పాతికేళ్లున్న పైలట్‌కైనా, ఇంజిన్ విప్పి బిగించిన టెక్నీషియన్‌కైనా ఇప్పుడు ఎనభై పడుతున్నట్టే. పైలట్ లాగ్‌బుక్ అంటే తేదీ, విమానం నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని గంటలు... వరుసకో ప్రయాణం. మనిషి పోయాక ట్రంకుపెట్టె సర్దేవారికి అది పాత కాగితమే. ఒక పాత డకోటాను ఎంతో ఖర్చుపెట్టి బాగుచేయించి ‘పరశురామ’ పేరుతో 2018లో మళ్లీ వైమానిక దళానికి అప్పగించారు. సంతోషం. ఆ శ్రద్ధలో పిసరంత ఈ లాగ్‌బుక్‌ల మీదా, మనుషుల మాటల మీదా పెట్టాలి.

అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకులకెక్కించి కొండ మీద భద్రపరిచిన సీమ మనది. తాళపత్రాల కోసం ప్రాచ్య పరిశోధన సంస్థనే పెట్టుకున్నాం. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ చరిత్ర విభాగం, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు కలిసి కూర్చుంటే ఆ లాగ్‌బుక్‌లను, జ్ఞాపకాలను భద్రపరచడం కోట్ల పని కాదు. రికార్డరు, స్కానరు, ఓపికున్న నలుగురు పీజీ విద్యార్థులు చాలు. రక్షణ రహస్యాలని జంకే అధికారులుంటారు. అర్ధశతాబ్దం కిందటి పప్పు బస్తాలో దాచేదేముంది? అనుమానమున్న పేజీలను వైమానిక దళానికి చూపించాకే బయటపెట్టొచ్చు.

డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినోత్సవానికి బడిపిల్లల చొక్కాలకు జెండాలు గుచ్చి హుండీలు తిప్పడం ఎటూ ఉంటుంది. ఈసారి ఆ రోజుకల్లా చరిత్ర విభాగం, సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉమ్మడి ప్రకటన ఇవ్వాలి. లాగ్‌బుక్ ఎవరికి, ఏ గదిలో చూపించాలో, తెచ్చిన పుస్తకం ఎన్నాళ్లలో తిరిగి ఇస్తారో అందులో స్పష్టంగా రాయాలి. మంచం దిగలేని పెద్దల ఇంటికి విద్యార్థులే వెళ్లాలి.