తథాస్తు దేవతలకు ఒక సెలవు దరఖాస్తు

విషయం: గురువారం సాయంత్రం 6:30 నుంచి 7:20 దాకా మీరు మా కాలనీ వైపు డ్యూటీకి రాకుండా ఉండే విషయమై.

అయ్యలారా,

సంధ్యవేళ మీరు పైన తిరుగుతూ, కింద ఎవరేం అంటే దానికి తథాస్తు అనేసి పోతారని మా ఇంట్లో గట్టి నమ్మకం. "ఈ నెల జీతం పడుతుందో లేదో" అని నేను గొణిగితే చాలు, అమ్మ వంటింట్లోంచే "దీపాలు పెట్టే వేళ అవేం మాటలురా" అని కేకేస్తుంది. అందుకని చెడ్డ ఆలోచన వస్తే నోరు మూసుకోవడం చిన్నప్పుడే అలవాటైపోయింది. మూసుకుంటే మీకు వినపడదు, బాగానే ఉంది, కానీ లోపలున్నది ఎక్కడికి పోతుంది? రాత్రి రెండింటికి లేపి కూర్చోబెడుతుంది. ఆ టైముకి మీరు ఎలాగూ డ్యూటీ దిగిపోయి ఉంటారు.

ఇప్పుడొచ్చిన చిక్కేంటంటే, నేను థెరపీకి వెళ్తున్నాను, ఆఫీసు వదిలాక దొరికే స్లాటు సరిగ్గా మీ షిఫ్టులోనే పడింది, పైగా అక్కడ పనే అశుభం పలకడం. 50 నిమిషాలు, ఫీజు కట్టి మరీ. "ఆ క్షణంలో ఏమనిపించిందో ఉన్నదున్నట్టు చెప్పండి" అంటారు మేడమ్. నేను కిటికీ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెబుతాను. "కొంచెం గట్టిగా" అంటారు.

దానికో నోటుబుక్కు కూడా ఉంది, గళ్లు గీసి. మొన్న మేనేజర్ దగ్గర్నుంచి "ఫ్రీ అయ్యాక కాల్ చెయ్" అని మెసేజ్. ఆలోచన గడిలో నేను రాసింది: ఉద్యోగం ఊడింది. ఎంత నమ్ముతున్నారు? 90 శాతం. సాక్ష్యం: మెసేజ్ చివర స్మైలీ లేదు. ఎదురు సాక్ష్యం (ఈ గడి దగ్గర చాలాసేపు పెన్ను నమిలాను): ఆయన పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ స్మైలీ పెట్టలేదు. ఇంతకీ ఆయనకి కావాల్సింది సంక్రాంతికి ఎవరెవరు సెలవు పెడుతున్నారో ఆ లిస్టు. ఈలోపు నేను ఊహలోనే ఇల్లు ఖాళీ చేసి, సామాను లారీకెక్కించి, ఊరికి చేరి, అక్కడ అడిగినవాళ్లకి ఏం చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

"పాజిటివ్‌గా ఆలోచించండి" అని మాత్రం ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. ఆ డిపార్టుమెంటు మా బాబాయిది, రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో సూర్యోదయం బొమ్మ మీద రాసి పంపుతాడు. ఈవిడ ప్లీడరులా సాక్ష్యమేదీ అని అడుగుతారు, అంతే.

ఈ పద్ధతికి మూలపురుషుడు ఆరన్ బెక్ అని ఫిలడెల్ఫియాలో ఒక సైకియాట్రిస్టు. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకి తమ గురించి, లోకం గురించి, రేపటి గురించి చెడ్డ ఆలోచనలు వాటంతటవే వచ్చిపడుతుంటాయని 1960లలో గమనించి, వాటిని బయటికి చెప్పించి, నిజమో కాదో వాళ్లచేతే పరీక్ష చేయించడం మొదలుపెట్టాడు. అంటే జీవితమంతా జనం చేత అశుభం పలికించిన మనిషి. మీ లెక్క ప్రకారం ఆయన ఏమైపోవాలి? 1921లో పుట్టి, నిండు నూరేళ్లూ బతికి, 2021లో పోయాడు. ఫిలడెల్ఫియా మీ పరిధిలోకి రాదనకండి, నది దాటితే న్యూజెర్సీ, అక్కడ మనవాళ్లు పెట్టే దీపాలు తక్కువేం కాదు.

ఇంకోమాట. మీరూ అశ్వినీ దేవతలూ ఒకరేనని పెద్దలంటారు. అదే నిజమైతే మీరు దేవవైద్యులు, చ్యవనుడి ముసలితనం పోగొట్టినవాళ్లు, ఉపమన్యుడికి చూపు తెప్పించినవాళ్లు. అలాంటి డాక్టర్లు పేషెంటు "నాకు గుండెపోటు వస్తుందేమో" అని భయపడి చెప్పుకుంటే తథాస్తు అంటారా? వీధి చివర ఆర్ఎంపీ కూడా అనడే! మనసు బాగోలేనివాళ్ల కోసం 2022లో మొదలైన ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ ఉంది, 14416కి చేస్తే రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనే వింటారు, డబ్బులడగరు, విన్నాక తథాస్తు అనరు. మీరు ఇన్ని యుగాల సీనియారిటీతో చేసేది సాయంత్రం షిఫ్టు ఒక్కటి, అదీ ఇలా.

పోయిన వారం మేడమ్ హోంవర్క్ ఇచ్చారు: రోజూ దీపాల వేళ బయటికి వినపడేలా ఒక మంచి మాట, ఒక చెడ్డ మాట అని, ఏది జరిగిందో రాసుకు రమ్మని. "రేపు బండి స్టార్టవదు" అన్నాను, మొదటి కిక్కుకే స్టార్టయింది. "కరెంటు బిల్లు తగ్గాలి" అన్నాను, పెరిగింది. "లిఫ్టు ఆగిపోతుంది" అన్నాను, ఆగలేదు. "పైఫ్లోర్ వాళ్లు డ్రిల్లింగ్ ఆపాలి" అన్నాను, ఆదివారం కూడా కొట్టారు. రెండు గళ్లలోనూ మీ పేరు మీద సున్నాలే. అమ్మకి చూపిస్తే "బండి స్టార్టయిందంటే వాళ్లు దయతలిచారురా" అంది, కాబట్టి ఆవిడ దగ్గర మీ పరువు భద్రం.

అయినా సెలవు ఎందుకడుగుతున్నానంటే, ఈ గురువారం మాట్లాడాల్సింది మా అమ్మాయి ఇంటర్ రిజల్ట్ గురించి. మీరు లేరని 70 శాతం నమ్ముతున్నాను, పిల్ల విషయంలో మిగతా 30తో ఆడుకోలేను. దయచేసి ఆ ఒక్కరోజు మంజూరు చేయండి. కుదరదంటే లోపలికొచ్చి సోఫాలో కూర్చోండి, మీ ఫీజు కూడా నేనే కడతాను.

ఇట్లు,
గురువారం 6:30 స్లాటు పేషెంటు